పార్కింగ్ లాట్‌లో మోహనం

మొన్న శనివారం అల్ఫారెట్టాలో మా అమ్మాయి ఇంట్లో, మనవరాలు నా పాత వయొలిన్ ఒళ్లో పెట్టుకుని ఒక్కో తీగా మీటి, ఫోన్‌లో శృతి చూసే ఏదో యాప్ పెట్టి, “అమ్మమ్మా, అన్నీ రెడ్ వస్తున్నాయి, నీ ట్యూనింగ్ రాంగ్,” అని తేల్చేసింది. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆ మాట ఎవరైనా అంటారేమోనని ఒకప్పుడు ఎంత హడలిపోయానో దానికేం తెలుసు!

ఎనభైల మొదట్లో, పెళ్లయి అట్లాంటా వచ్చిన కొత్తలో, అపార్ట్‌మెంట్‌లో నేను సాధనకు కూర్చున్నానంటే చాలు, కింది వాటా ఆవిడ చీపురుకర్రతో సీలింగు పొడిచేది. అలా పదేళ్లు నేర్చుకున్న విద్య కాస్తా బట్టల అల్మరాలోకి చేరింది. రెండేళ్లు గడిచేసరికి, వేళ్లు అంతా మరిచిపోయుంటాయన్న భయంతో పెట్టె తెరిచే ధైర్యం కూడా పోయింది. అప్పుడే మావారి ఆఫీసు స్నేహితుడొకాయన ఉత్తరాన కొండల్లో బ్లూగ్రాస్ అనే ఇక్కడి పల్లె సంగీతం పండుగ ఉందని చెబితే పులిహోర, జంపఖానా కార్లో వేసుకుని బయల్దేరాం. మావారు నాకు చెప్పకుండా వయొలిన్ కూడా డిక్కీలో పెట్టారని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

అబ్బ, ఏం సంబరమది! కచేరీ అన్నారు కదా అని నేను పట్టుచీర కట్టుకెళ్తే, అక్కడందరూ పొలం నుంచి అట్నుంచటే వచ్చినట్టున్నారు. వేదిక మీద బాంజోలు హోరెత్తిస్తుంటే, అంతకు మించిన సందడి కార్ల మధ్య సాగుతోంది. ఒకరి పేరొకరికైనా తెలియని వాళ్లు గుండ్రంగా నిలబడి, కళ్లతోనే వంతులు అందించుకుంటూ వాయించేస్తున్నారు. నా కాళ్లు వాటంతటవే తాళం వేస్తున్నాయి.

మావారు డిక్కీ తెరిచి, “ఇంత దూరం డ్రైవ్ చేశాను, ఒక్కటి వాయించవోయ్,” అన్నారు.

జంపఖానా పరిచి, మన పద్ధతిలో వయొలిన్ తల పాదం మీద ఆనించి, వాళ్ల ఫిడేళ్ల వరసకి వేరైన మన సపసప శృతి చేసుకుంటుంటే, వాయించేవాళ్లంతా ఆపేసి నన్నే చూస్తున్నారు. ఫిడేలు పట్టుకున్న పెద్దాయనొకాయన వంగి నా తీగలు విన్నాడు. తప్పంటాడేమోనని నా ప్రాణం పోయింది. ఆయనేమో వాళ్ల తాత కూడా తీగలు ఇలాగే శృతి చేసేవాడని ముఖమంతా నవ్వుతూ, తన బిరడాలు తిప్పి నా శృతిలోకి వచ్చి, మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ నా పక్కనే చతికిలబడ్డాడు. మొదట కమాను కీచుమంది. తర్వాత మోహన రాగం, ఎక్కడ దాక్కుందో ఏమో, వేళ్లలోంచి తన్నుకొచ్చింది. ఆయన అందుకున్నాడు, వెనకాలే బాంజో. నేను ఏడుస్తూ వాయించానని మావారంటారు, నాకు నవ్వినట్టే గుర్తు.

ఆ సోమవారం నుంచి సాధన మానలేదు. కింది ఆవిడ కర్ర పొడిస్తే, వెళ్లి వెనక పార్కింగ్ లాట్‌లో జంపఖానా పరిచేదాన్ని.

ఇప్పుడు మనవరాలికి మంచి టీచరుంది, తలుపేసుకుంటే చప్పుడు బయటికి పోని గది ఉంది, తప్పులు పట్టే ఫోనుంది. కొత్తవాళ్ల శృతి వేరుగా ఉందని తన శృతి మార్చుకునే మనిషి దానికి ఎక్కడైనా ఎదురైతే బాగుండునని ఉంది నాకు. ఆ పెద్దాయన పేరైనా అడగలేదు.