ఇనుప కవచాల కథలు చెప్పే మాస్టారు

సింగపూర్‌లో కోవిడ్ ఆంక్షలన్నీ ఎత్తేసిన మరుసటి ఏడాది. ఆంగ్ మో కియోలో ఒక చిన్న రిహాబ్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. స్పీచ్ థెరపిస్టుగా అది నాకు పదకొండో సంవత్సరం. స్పీచ్ థెరపిస్టు అంటే నత్తి పోగొట్టే మనిషి అనుకుంటారు చాలామంది. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది పక్షవాతంతో మాట పోయినవాళ్ళు. ఈ స్థితిని అఫేసియా అంటాం. తెలివి ఎక్కడికీ పోదు. ఎదుటివాళ్ళు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. చెప్పాల్సింది మనసులో ఉంటుంది, నోటికి మాత్రం రాదు. ఒకటి అనబోతే ఇంకొకటి వస్తుంది.

రామ్మోహన్ గారిని అలాగే తీసుకొచ్చారు, వాళ్ళావిడ సుభద్ర గారు. ఆయనకు అరవై తొమ్మిదేళ్ళు. తెనాలి నుంచి వచ్చి యీషున్‌లో స్థిరపడి, ఇక్కడి ఒక స్కూల్లో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు సాహిత్యం చెప్పారు. స్ట్రోక్ వచ్చి నాలుగు నెలలు. విచిత్రమేమిటంటే, అన్నం పెట్టిన ఇంగ్లీషు పూర్తిగా మూగబోయింది. చిన్నప్పటి తెలుగు మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తోంది. తెలుగు వచ్చిన థెరపిస్టు ఉందని తెలిసి నా దగ్గరికి పంపారు.

మొదటి మూడు సెషన్లూ వృథా అయ్యాయి. మా పద్ధతి ప్రకారం బొమ్మల కార్డులు చూపించి పేర్లు చెప్పమంటాం. దువ్వెన, గొడుగు, తాళంచెవి. మాట అందకపోతే మొదటి అక్షరం మేం అందిస్తాం. దాన్ని క్యూ అంటాం. నేను గొడుగు చూపించి "గొ..." అన్నాను. ఆయన నా వైపు చూసి, పనిచేసే ఎడమచేత్తో కార్డుల కట్టంతా పక్కకు నెట్టేశారు. ఎన్నో తరాల పిల్లలకు పాఠం చెప్పిన మనిషికి నేను ఒకటో తరగతి బొమ్మలు చూపిస్తున్నాను. ఆ కళ్ళలో కోపం కన్నా సిగ్గు ఎక్కువగా కనిపించింది.

నాలుగో సెషన్‌లో ఏం చెయ్యాలో తోచక సుభద్ర ఆంటీని అడిగాను. "మాస్టారికి బాగా ఇష్టమైన పాఠం ఏదాంటీ?"

"ఇంకేముంది, ఆ నైట్ల గొడవే కదమ్మా. ఇనుప చొక్కాలు తొడుక్కుని గుర్రాల మీద తిరుగుతారే, ఐరోపాలో ఎప్పుడో పాతకాలం వాళ్ళు. పిల్లలు చెవులు కోసుకునేవాళ్ళట. నేనెప్పుడూ సరిగ్గా విన్లేదు."

"గుర్తున్నంతవరకు ఒకటి చెప్పండి."

ఆంటీ ఇరవై ఏళ్ళు చైల్డ్‌కేర్ సెంటర్‌లో టీచరుగా చేశారు. కథ అనగానే చీరకొంగు సర్దుకుని కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఒక నైట్ ఉంటాడు. రాణీగారంటే ప్రాణం. ఆవిడ కోసం అడవికి వెళ్ళి, పెద్ద పాముని చంపుకొస్తాడు. ఆవిడ్ని పెళ్ళి చేసుకుని హాయిగా..."

"కా... కాదు!"

ఇద్దరం ఉలిక్కిపడ్డాం. మాస్టారి ముఖం ఎర్రబడింది.

"ఏది కాదు మాస్టారూ?" అన్నాను.

"పె... పెళ్ళి. కాదు."

"పెళ్ళి చేసుకోడా?" ఆంటీ నిజంగానే ఆశ్చర్యపోయారు. "మరి అంత కష్టం దేనికండీ?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. పెదవులు రెండు మూడుసార్లు కలిశాయి, విడిపోయాయి. నేను నోరు తెరవలేదు. తెరిచినా ఏ అక్షరం అందించాలో నాకు తెలియదు. చాలాసేపటికి ఒక్క మాట బయటికొచ్చింది. "మాట."

ఇచ్చిన మాట కోసం. ఆ రోజు నేను నా నోట్స్‌లో రాసుకున్న ఒకే ఒక్క మాట అది.

తర్వాత నేనూ కాస్త చదివాను. ఆ గాథల్లో ప్రేమకు ఒక మర్యాద ఉంది. నైట్ తన ప్రభువు ఇల్లాలినే ఆరాధించవచ్చు, కానీ ఆమెను పొందడానికి కాదు. ఆమె ఇచ్చిన గుడ్డముక్క చేతికి కట్టుకుని యుద్ధానికి వెళతాడు. ఆమె ఏం ఆజ్ఞాపించినా కాదనడు. ఇదంతా చెబితే ఆంటీ బుగ్గలు నొక్కుకున్నారు. "ఇంకొకరి పెళ్ళాం కోసం కత్తులు దూసుకోవడమా! ముప్ఫై ఏళ్ళు ఇదా మీరు పిల్లలకి చెప్పింది?" మాస్టారు భుజాలు కదిలేలా నవ్వారు. స్ట్రోక్ తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారని ఆంటీ వెళ్ళేటప్పుడు చెప్పారు.

కార్డులు బీరువాలో పెట్టేశాను. ఆంటీ కథ చెప్పాలి, మధ్యలో ఆపాలి, మాస్టారు అందుకోవాలి. రెండు నెలల్లో రెండు మూడు మాటల వాక్యాలు వచ్చాయి. ఇంటి బయట మాట్లాడించడం ఎలాగని నేను ఆలోచిస్తుంటే, ఆంటీయే ఒకరోజు అన్నారు. "ఏవండీ, రాణి ఏం చెప్పినా నైట్ చెయ్యాలటగా. మన బ్లాక్ కింద హాకర్ సెంటర్లో నాకొక టీ తెచ్చిపెట్టండి. మీరే అడగాలి."

మంచి ఆలోచన అని నేను ఉత్సాహపరిచాను. అది నా తొందరపాటు.

తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే ఆ హాకర్ సెంటర్లో, ఆంటీ టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసుకుని, అంటే ఇక్కడి పద్ధతిలో చోటు ఆపుకుని, కూర్చున్నారట. మాస్టారు టీ కొట్టు ముందు వరుసలో నిలబడ్డారు. ఆయన వంతు వచ్చింది. టీ అనబోతే నోటివెంట "గుర్రం" అని వచ్చింది. కొట్టతనికి అర్థం కాలేదు. "అంకుల్, వాట్ యు వాంట్ లా?" అన్నాడు. మళ్ళీ "గుర్రం" అన్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు వరుసలోంచి బయటికొచ్చి, ఆంటీ కోసం కూడా ఆగకుండా లిఫ్ట్ వైపు వెళ్ళిపోయారు.

ఆ వారం సెషన్‌కు రాలేదు. తర్వాతి వారం కూడా రాలేదు. ఫోన్ చేస్తే ఆంటీ గొంతు తగ్గించి మాట్లాడారు. "ఇంక వద్దంటున్నారమ్మా. ఇంట్లో కూడా నోరు విప్పట్లేదు. అడక్కుండా ఉండాల్సింది నేను."

"తప్పు నాది ఆంటీ," అన్నాను. మాటవరసకు అన్నది కాదు. బయటి పరీక్షకు ముందు ఎన్నిసార్లు సాధన చేయించాలో తెలిసి కూడా ఒక్కసారైనా చేయించలేదు.

మూడో వారం ఇద్దరూ వచ్చారు. ఏం జరిగిందో ఆంటీ చెప్పారు. ఆ ముందురోజు ఆవిడ బట్టలు మడతపెడుతూ, ఏదో తెలుసుకోవాలన్నట్టు అడిగారట. "మీ నైట్లని చూసి ఎవరూ నవ్వలేదా ఎప్పుడూ?" మాస్టారు లేచి, అలమరలోంచి పాత పాఠాల నోట్‌బుక్ తీసి, ఎడమచేత్తో పేజీలు తిప్పారు. ఒకచోట తన చేతిరాతే, కింద ఎర్రగీత. ఆయన చూపు అక్కడే ఆగిపోయింది.

"ఏముందండీ అందులో?"

"నవ్వు... నవ్వుతారు." ఊపిరి పీల్చుకుని, "ఓర్చుకోవాలి."

అని, వెళ్ళి చెప్పులు వేసుకున్నారట.

అదే కొట్టు, అదే మనిషి. ఈసారి "టీ" అన్నారు. ఆ తర్వాత ఆగిపోయారు. వెనక వరుస పెరిగింది. కొట్టతను గరిట పక్కన పెట్టి ఎదురుచూశాడు. "ఓ... కోసోంగ్" అని పూర్తి చేశారు మాస్టారు. అంటే పాలూ చక్కెరా లేని టీ. "కెన్, కెన్, అంకుల్," అన్నాడు అతను, అలాగే అన్నట్టు. కప్పు ఎడమచేత్తో పట్టుకుని టేబుల్ దాకా నడిచేసరికి సగం సాసర్‌లో ఉంది.

"నేను పాలటీ తాగుతానని నలభై ఏళ్ళుగా తెలుసు ఆయనకి," అన్నారు ఆంటీ నాతో. "అయినా చుక్క మిగల్చలేదమ్మా."

చివరి సెషన్ థెరపీ మొదలైన ఏడో నెలలో వచ్చింది. ఆ రోజు మాస్టారు ఒక కథ మొత్తం తానే చెప్పారు. ఐదు నిమిషాల కథకు ఇరవై నిమిషాలు పట్టింది. కొన్నిచోట్ల కత్తికి బదులు కిటికీ వచ్చింది, తనే దిద్దుకున్నారు. నైట్ గెలిచి వచ్చి రాణి ముందు మోకరిల్లడంతో ఆపారు.

"రాణికి ఏం కావాలో ఆయన ఎప్పుడైనా అడిగాడా?" అన్నారు ఆంటీ.

మాస్టారు ఆలోచించారు. "లే... దు." ఆ వెంటనే కుర్చీ ఆవిడ వైపు తిప్పుకున్నారు. "నీకు. ఏం కావాలి?"

ఆంటీ కిటికీ వైపు చూస్తూ అన్నారు. "ఒక్కసారి పేరుపెట్టి పిలవండి. పదకొండు నెలలైంది విని."

మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతే, పేర్లు అన్నిటికన్నా కష్టం. ఆయన "సు..." అని ఆగిపోయారు. తర్వాతి అక్షరం నా నాలుక చివర ఉంది. పళ్ళు బిగించి ఆపుకున్నాను. ఆయన నుదుటిమీద చెమట పట్టింది. ఆంటీ ఆయన ముఖంలోకే చూస్తున్నారు.

"సుభ... సుభద్రా."

"ఆఁ, చెప్పండి," అన్నారావిడ, వంటింట్లోంచి పలికినంత మామూలుగా. కళ్ళు తుడుచుకోవడానికి మాత్రం నా టేబుల్ మీది టిష్యూలన్నీ అయిపోయాయి.

కొత్త పేషెంటు వచ్చినప్పుడు ఫారంలో లక్ష్యం అనే గడి నింపాలి మేం. పదింట ఎనిమిది బొమ్మల పేర్లు చెప్పగలగాలి, అని పదకొండేళ్ళు నేనే రాసేదాన్ని. ఇప్పుడు ఆ గడి ఖాళీగా ఉంచి, పేషెంటునీ ఇంటివాళ్ళనీ అడుగుతాను: ఎవరితో ఏం మాట్లాడాలనుంది? కొందరు సైగ చేస్తారు, కొందరు ఫోటో చూపిస్తారు. మొన్న వచ్చిన ఒక పెద్దావిడ చాలాసేపు తంటాలు పడి తన చెల్లెలి నంబరు నొక్కి చూపించింది. గడిలో చెల్లెలి పేరు రాసి, పని మొదలుపెట్టాం.