లాల్‌బాగ్‌లో నన్ను చూశారట

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా పుట్టింట్లో అమావాస్య పూట బయటికి పోవద్దంటే కావాలనే పోయేదాన్ని. ఇప్పుడూ నమ్మను. కాకపోతే, దయ్యాన్ని చూశావా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం నాకు కష్టం. నేను చూడలేదు. నన్నే ఎవరో చూశారు.

డెబ్బైల చివర్లో సంగతి. కుప్పం బజారులో మాకు చిల్లర అంగడి ఉండేది. ఆ ఇంటికి పెద్దకోడల్ని నేను. అప్పటికి పెళ్ళై ఏడేళ్ళు. బెంగుళూరు బండి కూత మా వంటింట్లోకి వినిపించేది. ఏడేళ్ళూ ఆ కూత విన్నానే గానీ బండి ఎక్కింది లేదు. ఎప్పుడడిగినా మా ఆయన, "అంగడి ఎవరు సూస్తారు?" అనేవాడు.

ఆ మాఘంలో మా మరిది మునిరత్నానికి పెళ్ళయింది. తోడికోడలు వనజది పుంగనూరు. మంచి పిల్ల. అక్కా అక్కా అంటూ నా వెంటే తిరిగేది. నెల తిరక్కముందే ఒక శనివారం తెల్లవారి ఇద్దరూ బెంగుళూరు చూడ్డానికి బయలుదేరారు. రెండు రోజులు. అంగడి సంగతి ఎవరూ ఎత్తలేదు.

పులిహోర కట్టిచ్చింది నేనే. వనజ తల్లో కనకాంబరాలు పెట్టిందీ నేనే. పెడుతూ ఆ జడ పట్టుకుని లాగాలనిపించింది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

వాళ్ళు వెళ్ళాక వంకాయలు తరుగుతుంటే ఎడమచేతి బొటనవేలు తెగింది. మనసు పని మీద లేదు. మా అత్త తన పాత రవిక చింపి ఎర్రపేలిక చుట్టింది. మధ్యాహ్నం ఇద్దరం పెరట్లో కూర్చుని చింతపండు గింజలు తీశాం. నాకు ఒకటే ధ్యాస. ఇప్పుడు ఎక్కడున్నారో, ఏం చూస్తున్నారో, వనజ ఎంత నవ్వుతున్నదో. ఆమె కూర్చున్న చోట నేను కూర్చోవాలి. ఆ పూటంతా అదే అనుకున్నాను.

ఆదివారం రాత్రికి రావలసిన వాళ్ళు పొద్దున పదింటికే ఇంట్లో ఉన్నారు. వనజ కాళ్ళు కూడా కడుక్కోకుండా నేరుగా వంటింట్లోకి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"అక్కా, నువ్వు ఎందుకు మా ఎనకాలే వచ్చినావు?"

తమాషాకి అంటోందనుకుని నవ్వాను.

"నవ్వద్దక్కా. లాల్‌బాగ్‌లో అద్దాలమేడ కాడ మాకెదురుగా బెంచీ మీద కూర్చోనుండావు. పిలిస్తే పలకలా. నన్నే సూస్తాండావు. దగ్గరికొస్తే యాడా లేవు. మళ్ళా డబుల్ డెక్కర్ బస్సులో మా ఎనక సీట్లో ఉండావు."

మునిరత్నం తల దించుకున్నాడు. "అద్దాలమేడ కాడ నేనూ సూసినా వదినా. నీ కాళ్ళకు చెప్పుల్లేవు. బస్సులో మాత్రం నాకేం కనబడలా."

మా అత్తకు కోపం వచ్చింది. "నిన్న పగలంతా ఇది నా పక్కనే ఉండాది కదమ్మా! మీకు ఎండదెబ్బ తగిలిండాది."

"అట్లయితే ఆడ బెంచీ మీద అక్క బొటనేలికి ఎర్రపేలిక ఎందుకు కట్టుకోనుండాదత్తా?"

ఆ వేళకు నేను పేలిక విప్పేసి పసుపు అద్దుకుని ఉన్నాను. ఎర్రపేలిక కట్టిన సంగతి వాళ్ళకు తెలిసే దారే లేదు. మా అత్త చేతిలోని చెంబు కింద పెట్టింది. నావైపు చూడకుండా అంది.

"నిన్న మూడు గంటలప్పుడు నిన్ను రెండు మూడు సార్లు పిలిస్తి. పలకలా. కండ్లు తెరుసుకోనే ఉండావు. కునుకేమో అనుకుంటి."

ఆ పిలుపు విన్న గుర్తు నాకు లేదు.

మా ఆయన నన్ను పక్కకు పిలిచి, నిజం చెప్పు, పోయినావా అని అడిగాడు. ఏడేళ్ళు అడిగినా తీసుకుపోని మనిషి అడిగిన మాట అది. ఆ రోజు బాగా ఏడ్చాను.

తర్వాత వనజ నాతో ఒంటరిగా ఒక గదిలో ఉండలేదు. ఆషాఢానికి పుట్టింటికి పోయి మళ్ళీ రాలేదు. చివరికి మునిరత్నమే పుంగనూరులో అంగడి పెట్టుకుని అక్కడికి మారిపోయాడు.

మరుసటి ఏడు మా ఆయన అడగకుండానే నన్ను బెంగుళూరు తీసుకుపోయాడు. లాల్‌బాగ్ చూశాను. అద్దాలమేడ ఎదురుగా ఉన్న ప్రతి బెంచీ దగ్గరా నిలబడ్డాను. ఏదీ ముందు చూసినట్టు అనిపించలేదు. వచ్చింది నేనే అయితే ఏదో ఒకటి గుర్తుండాలి కదా. నేను కాకపోతే ఆ పేలిక సంగతేమిటి? ఎంత ఆలోచించినా నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

వనజకు కూతురు పుట్టినప్పుడు చూడ్డానికి మా అత్త ఒక్కతే వెళ్ళింది. తిరిగొచ్చి నేరుగా పెరట్లోకి పోయింది. నేను గుచ్చి గుచ్చి అడిగితే నోరు విప్పింది.

"బిడ్డ బంగారంగా ఉండాదమ్మా. నీకొక మాట సెప్పమనింది. 'మమ్మల్ని తలుసుకోవద్దని అక్కకు సెప్పత్తా' అనింది."

నాకు అప్పటికి పిల్లలు లేరు. తర్వాతా కలగలేదు. ఆ బిడ్డ ఎలా ఉందోనని మనసు పుంగనూరు వైపు మళ్ళినప్పుడల్లా లేచి బావి దగ్గరికి పోయేదాన్ని. ఇంట్లో బిందెలన్నీ నిండి ఉన్నా సరే, చేతులు నొప్పి పుట్టేదాకా నీళ్ళు చేదేదాన్ని.