రాగి రేకు, పరాయి రేడియేటర్

మీరు రోజూ నడిపే బండికి గాలి ఎటునుంచి లోపలికి వెళ్తుందో ఎప్పుడైనా వంగి చూశారా? చూసి ఉండరు. ముందు నిమ్మకాయ కట్టారో లేదో మాత్రం తప్పక చూసి ఉంటారు.

2004లో నేను అనకాపల్లి హైవే పక్కన ఒక కార్ల వర్క్‌షాపులో వర్క్స్ మేనేజర్‌గా చేరాను. వర్క్స్ మేనేజర్ బండిని తాను విప్పడు. లోపం ఏమిటో తేల్చి, పని మెకానిక్‌కు అప్పగించి, చివర ట్రయల్‌కు నడిపి సంతకం పెడతాడు. సంతకం తర్వాత బండి చెడితే జవాబు చెప్పవలసింది కూడా అతనే. ఇది నిబంధన. ఆచరణలో జవాబు చెప్పేది అందరికంటే కింద ఉన్నవాడు.

ఆ ఏడాది చెరకు సీజను ముగిసేవేళ బెల్లం వ్యాపారి నూకరాజు గారు తన స్పోర్ట్స్ కారు తెచ్చారు. రెండు సీట్లు, నేలకు జానెడు ఎత్తు, విదేశీ సరుకు. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేస్తే కొన్నారు. గాలిని చీల్చుకుపోవడానికి పుట్టిన ఆ కారు మా ఊళ్లో చెరకు బళ్ల వెనక ఎద్దుల అడుగులో అడుగేసి నడిచేది.

ఇంజను దగ్గర వేడెక్కిన నీటిని సన్నని గొట్టాల్లోకి పంపి, ఎదురుగాలికి చల్లార్చేది రేడియేటర్. దాని పై ట్యాంకు పగిలింది. ఆ మోడల్‌ది ఇక్కడ దొరకదు, తెప్పించాలంటే నెలలు పడుతుంది. వేరే బండిదైనా సరే, అమర్చమన్నారు నూకరాజు గారు.

లెక్క ప్రకారం చేస్తే ఇది తప్పు పని కాదు. గాలి తగిలే వైశాల్యం పాతదానికంటే తగ్గకూడదు. గొట్టాల మూతులు కలవాలి. ఒత్తిడిని పట్టి ఉంచే మూత మాత్రం ఈ ఇంజనుకు చెప్పిందే వాడాలి. ఒక డీజిల్ వ్యాన్ రేడియేటర్ సరిపోతుందని తేల్చి, పనిని ప్రకాశానికి అప్పగించాను. అతను కొండకర్ల నుంచి బస్సులో వచ్చే మెకానిక్. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. బిగించే పట్టీలు కొత్తగా వెల్డింగు చేశాడు. పై గొట్టం మూతి అటువైపు ఉంటే, ఇనుప గొట్టం వంచి ఇటు తిప్పాడు.

పక్కనే ఉన్న మెకానిక్ అప్పారావు ఊరుకుంటాడా?

"ఏటి బావా, గేదె ఊపిరితిత్తులు గుర్రానికెట్టేత్తన్నావా?"

"ఊపిరాడితే సాలు బావా. ఇవెవరివని గుర్రం అడుగుద్దేటి?"

నీళ్లు నింపి, లోపల చిక్కిన గాలి పోయేదాకా ఇంజను ఆడించాం. తర్వాత హైవే మీద నేనే దూరం నడిపాను. వేడి చూపే ముల్లు మధ్య గీత దాటలేదు. సంతకం పెట్టాను.

మర్నాడే ఫోను: బానెట్‌లోంచి ఆవిరి వస్తోందట. కారు తెచ్చారు. వెతికితే లోపం లేదు, నడిపితే ముల్లు కదల్లేదు. ఆయన తీసుకెళ్లారు, మళ్లీ ఆవిరి. మా చేతిలో చల్లటి కుండ, ఆయన చేతిలో మండే పొయ్యి.

చివరికి నూకరాజు గారు నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

"మా సిద్ధాంతి గారు సెప్పేసేరండి. ఆ ప్రకాశం సెయ్యి నా బండికి అచ్చిరాలేదంట. మతం కూడా తేడా కదండి."

చేసినవాడు ఏ దేవుడికి మొక్కినా వెల్డింగు ఒకేలా అతుక్కుంటుందని చెప్పాను.

"అది ఇనుముకి తెలుద్దేమో గానండి, గ్రహాలకి తెలవద్దా?"

ఆయన వ్యాన్లన్నీ మా వర్క్‌షాపుకే వస్తాయి. అందువల్ల మా యజమానికి కూడా గ్రహాల మీద నమ్మకం కలిగింది. శనివారానికల్లా ప్రకాశాన్ని మాన్పించమన్నాడు. ఆ మాట ప్రకాశానికి చెప్పవలసింది నేనే.

"సారూ, గొట్టంలో తప్పుంటే సూపించండి, నానే మానేత్తాను. సేతిలో తప్పుందంటే ఏటి విప్పి సూపించమంటారు?" అన్నాడు.

శుక్రవారం కారు పాయకరావుపేట ఇవతల పూర్తిగా ఆగిపోయింది. ప్రకాశాన్ని తీసుకుని జీపులో వెళ్లాను. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు, మరిగే నీరు మొహాన చిమ్ముతుంది. చల్లారేదాకా ఆగాలి. ఆ ఖాళీలో మోకాళ్ల మీద కూర్చుని ముందు జాలీలోంచి చూశాను. రేడియేటర్ కనబడలేదు. దానికి అడ్డంగా, పసుపు గుడ్డ చుట్టిన రాగి రేకు కనబడింది. గాలి వెళ్లే నోటిని దాదాపు మూసేసింది.

"ఇదేటండి?" అని ప్రకాశం చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు!" అని నూకరాజు గారు అరిచారు.

అది ప్రమాదాలు జరగకుండా సిద్ధాంతి ఇచ్చిన యంత్రం. ముందుకే చూడాలి, పరాయివాళ్లు తాకకూడదు. అందుకని కారు మా దగ్గరికి తెచ్చే ప్రతిసారీ ఆయన దాన్ని విప్పి దేవుడి గదిలో పెట్టేవారు. తిరిగి తీసుకెళ్లాక శుద్ధి చేసి బిగించేవారు. ఈసారి కారు దారిలోనే ఆగింది, అక్కడ దేవుడి గది లేదు కాబట్టి విప్పే వీలు లేకపోయింది. మొదట ఎప్పుడు కట్టారని అడిగాను. పాత ట్యాంకు పగలడానికి కొద్ది రోజుల ముందేనట.

దాన్ని తీసి నడిపి చూద్దామన్నాను. సిద్ధాంతి అనుమతి కావాలన్నారు. అనుమతి సెల్‌ఫోనులో వచ్చింది. శక్తి వెనకనుంచి తోస్తే మరీ మంచిదని, సీటు వెనక పెట్టమని సెలవిచ్చాడట. చల్లారిన ఇంజనులో నీళ్లు నింపి అనకాపల్లి దాకా నేనే నడిపాను. ముల్లు మధ్య గీత దగ్గరే నిలబడింది.

"సూసేరా! దిక్కు మార్చగానే ఎలా సల్లబడిపోయిందో!" అన్నారు నూకరాజు గారు.

గాలి సంగతి వివరించాను. ఆయన నన్ను జాలిగా చూశారు.

శనివారం ప్రకాశం ఉద్యోగం నిలిచింది. నా పరీక్ష వల్ల కాదు. అతని చేతి దోషం తొలగిందని సిద్ధాంతి చెప్పినందువల్ల. "నీ సెయ్యి శుద్ధైపోయిందంట కదా బావా, ఓపాలి నా బీడీ ముట్టించు" అన్నాడు అప్పారావు. అందరూ నవ్వారు, ప్రకాశం తప్ప. ఒక మాటతో పోయే ఉద్యోగం అలాంటి ఇంకో మాటతో దక్కితే అందులో నవ్వడానికి ఏమీ లేదని అతనికి తెలుసు.

ఆ తర్వాత మా గేటు దగ్గర ఒక బోర్డు పెట్టించాను: బండిని మీరు నడిపే స్థితిలోనే తీసుకురండి, పవిత్ర వస్తువులతో సహా. బండికి ఏం తగిలించారో తెలియకుండా పరీక్షిస్తే, ఆ పరీక్ష ఇంకో బండికి చేసినట్టే. నిరూపించినంత మాత్రాన నమ్ముతారనుకోవడం కూడా పొరపాటేనని ఆ కారే నేర్పింది.

ఇప్పుడు పేపరు పక్కన పెట్టి లేవండి. మీ బండి ముందు మోకాళ్ల మీద కూర్చుని చూడండి. గాలికి అడ్డం వచ్చేది ఏదైనా, ఎవరిచ్చిందైనా, పీకి పారేయండి. అది చేసేదాకా ఏ పనివాడి చేతినీ అచ్చిరాలేదనకండి.