పక్క సీటు బ్రేకు

మా వదిన కారు నడపడం నేర్పుతుంది. ఆమె కారులో బ్రేకులు రెండు. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, ఇంకొకటి పక్క సీట్లో కూర్చునే ఆమె కాలి కింద. కొత్తగా చేరినవాళ్ళు మొదట్లో కారుని తామే ఆపుతున్నామనుకుని మురిసిపోతారు. ఆ భ్రమని వదిన చెడగొట్టదు. ఇంట్లో మా అన్నయ్య విషయంలోనూ ఆమెది అదే పద్ధతి.

అన్నయ్య కట్టుడుపళ్ళు చేస్తాడు. పళ్ళ డాక్టర్లు పంపిన అచ్చులు ముందు పెట్టుకుని, వెనక గదిలో కూర్చుని మైనం చెక్కుతూ ఉంటాడు. కిటికీ గట్టు మీద ఎవరెవరివో దవడలు వరసగా ఆరుతూ, వచ్చినవాళ్ళందరినీ నవ్వుతూ పలకరిస్తాయి. ఆ ఇంట్లో అంతకు మించి పలకరించే అలవాటు అన్నయ్యకి లేదు.

ఇలాంటి ఇంట్లోకి తత్వశాస్త్రం ఎలా దూరిందంటే, క్లచ్ వల్ల దూరింది. వదిన దగ్గర నేర్చుకుంటున్న ఒకావిడ, క్లచ్ వదలాలంటే భయమేసి నడిరోడ్డు మీద ఏడ్చేసింది. ఆవిణ్ణి ఇంటి దగ్గర దింపాక వదిన కారులోనే కూర్చుని, భయం ఎలా పోతుందని ఫోనులో వెతికింది. చిట్కాలు, మాత్రలు, బల్లగుద్ది మాట్లాడే వీడియోలు అన్నీ దాటుకుంటూ పోతే అట్టడుగున ఒక బ్లాగు తగిలింది. ప్రకటనలు లేవు, బొమ్మలు లేవు. పేరు చెప్పని మనిషెవరో "భయం పోవాలని మీకెవరు చెప్పారు?" అని మొదలుపెట్టి, తీరిగ్గా రాసుకుంటూ పోయాడు. చివర్లో తనకి నచ్చిన ఇతర బ్లాగుల చిరునామాలు ఇచ్చాడు.

ఇక తీగ లాగితే డొంకంతా కదిలింది. ఒక పశువుల డాక్టరమ్మ, జంతువులకి రేపు అనేది ఉంటుందా అని రాస్తోంది. ఒక లెక్కల మాస్టారు సున్నా నిజంగా ఉందా అని అడుగుతున్నాడు. ఇంకొకాయన, నిన్నటి నేనూ ఇవాళ్టి నేనూ ఒకరేనా అన్న ప్రశ్న మీద ఏళ్ళ తరబడి రాస్తూ, మధ్యమధ్యలో తన టమాటా మొక్కలకి పట్టిన తెగులు గురించి కూడా చెబుతున్నాడు. ఏదీ తేల్చడు. వదినకి అదే నచ్చింది. ఆమె పనిలో అన్నీ తేలిపోయే విషయాలే. గేరు పడిందా, పడలేదా, అంతే.

నేర్చుకునేవాళ్ళు ఆలస్యంగా వస్తే ఇదివరకు ఆమెకి ఒళ్ళు మండేది. ఇప్పుడు వాళ్ళు సమయానికి వస్తే మండడం మొదలైంది.

ఇంట్లోనూ ప్రశ్నలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం అన్నయ్య కింది దవడకి మెరుగు పెడుతుంటే, ఆ పళ్ళు ఎవరివి అని అడిగింది. ఫలానా డాక్టరు పంపిన పెద్దాయనవని అన్నయ్య చెప్పాడు. అది కాదు, చేసింది నువ్వు, పెట్టుకునేది ఆయన, అసలు ఎవరివి అంది. అన్నయ్య తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"నమలగలిగితే ఆయనవి. నమల్లేకపోతే నావి. వెనక్కి తెస్తారు."

వదిన ఆ మాటని ఒక బ్లాగు కింద వ్యాఖ్యగా రాసింది. అక్కడ పెద్ద చర్చే నడిచింది. ఇంత బాగా ఆలోచించేవారు సొంతంగా ఎందుకు రాయరని ఎవరో అడిగారు. వదిన ఆ ప్రశ్న పట్టుకుని మేడ మీదున్న నా గదికి వచ్చింది. బ్లాగు పెట్టి ఇచ్చింది నేనే. దానికి 'పక్క సీటు బ్రేకు' అని పేరు పెట్టుకుంది. తన పేరు ఎక్కడా రాయలేదు. చదివేవాళ్ళు ఆమెని రిటైరైన ప్రొఫెసర్ అనుకుని, గురువుగారూ అని పిలవసాగారు. వదిన కాదనలేదు. గురువే కదా, కాకపోతే క్లచ్‌కి గురువు.

ఆ రోజుల్లోనే ఒక పోస్టుమాస్టరు గారు నేర్చుకోవడానికి చేరారు. ఉద్యోగం నుంచి దిగిపోయాక కారు కొన్నారు, తర్వాత నడపడం రాదని గుర్తుకొచ్చింది. ఆయన స్టీరింగ్‌ని, ఎవరో లాక్కుపోతారన్నట్టు పట్టుకునేవారు. ఆయన వేగానికి, నడిచి వెళ్ళేవాళ్ళు జాలిపడి పక్కకి తప్పుకునేవాళ్ళు. పట్టు కాస్త సడలించండి అని వదిన చిలక్కి చెప్పినట్టు చెప్పేది. ఆయన తల ఊపి, ఇంకా గట్టిగా పట్టుకునేవారు.

ఒక ఉదయం మొక్కలమ్మే నర్సరీ పక్కన మలుపు తిరుగుతుండగా, పోస్టుమాస్టరు గారు ప్రశాంతంగా రెండు చేతులూ స్టీరింగ్ మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. వదిన కాలు బ్రేకు మీదికి వెళ్ళేలోపు కారు వెళ్ళి కుండీల వరసని ముద్దు పెట్టుకుంది. ఒక గులాబీ కుండీ పగిలింది. మనుషులకి ఏమీ కాలేదు.

"చేతులెందుకు తీశారండీ?" అంది వదిన.

"పట్టు వదలడమే ప్రయాణం అని ఒకాయన రాశారమ్మా. పొద్దున్నే చదివాను. మనసుకి హత్తుకుపోయింది."

ఆ వాక్యం వదినదే. ముందురోజు రాసి, ఎంత బాగా కుదిరిందో అని మేడెక్కి వచ్చి మరీ నాకు వినిపించింది. ఇప్పుడు ఆమెది తేలు కుట్టిన దొంగ పరిస్థితి.

"ఎవరో బుర్ర లేనివాళ్ళు రాసుంటారు" అంది.

పోస్టుమాస్టరు గారు మొహం ముడుచుకున్నారు. "మిమ్మల్ని ఏమన్నా పడతాను గానీ, ఆయన్ని మాత్రం ఏమీ అనకండి" అన్నారు.

ఆ సాయంత్రం బ్లాగులో ఒక వ్యాఖ్య వచ్చింది. గురువుగారికి నమస్కారాలతో మొదలై, తనకి కారు నేర్పే ఆవిడకి సహనం తక్కువనీ, తాత్విక దృష్టి బొత్తిగా లేదనీ, అలాంటి మనిషితో ఎలా వేగాలో సెలవివ్వమనీ ఉంది. వదిన దాన్ని పైకి చదివింది. అన్నయ్య నవ్వాడు. అతను అలా నవ్వడం నేను చూసి చాలా కాలమైంది. చేతిలో ఉన్న మైనపు పంటిచిగురు జారి కింద పడి, దాని ఆకారం మారిపోయినా ఆపలేదు.

వదినకి నవ్వు రాలేదు. సహనం తక్కువా, నాకా అని వంటగదికీ వరండాకీ మధ్య కాసేపు తిరిగింది. తర్వాత కూర్చుని జవాబు రాసింది. పట్టు వదలమన్నది మనసుకే గానీ స్టీరింగ్‌కి కాదనీ, రోడ్డు మీద ఆ తల్లి చెప్పిందే వేదమనీ రాసింది. 'ఆ తల్లి' అన్న మాట తీసెయ్యమని నేనన్నాను. వదిన ఉంచింది.

మర్నాడు పోస్టుమాస్టరు గారు కారెక్కుతూనే, గురువుగారు కూడా ఈ విషయంలో మీతో ఏకీభవించారమ్మా అని, ఒక బిరుదు ఇస్తున్నట్టు చెప్పారు.

అప్పటి నుంచి వదిన ఆయనకి రెండు చోట్లా నేర్పింది. కారులో చెప్పినవి ఆయన చెవికి ఎక్కేవి కావు. అందుకని గతం గురించి ఒక వ్యాసం రాసింది. వెనక అద్దాన్ని చూడాలి, కానీ అందులోనే ఉండిపోకూడదు అని. మర్నాడు ఆయన జీవితంలో మొదటిసారి అద్దం చూసి, వెంటనే చూపు ముందుకి తిప్పారు. అహంకారం గురించి రాస్తే హారన్ కొట్టడం తగ్గించారు. మలుపు తిరిగేముందు ఎదుటివారికి చెప్పడమే మర్యాద అని నీతిశాస్త్రం రాస్తే ఇండికేటర్ వేశారు. రివర్స్ గేరుకి మాత్రం పశ్చాత్తాపం మీద రెండు వ్యాసాలు పట్టాయి.

వదిన ఒక వైపు పొంగిపోతూ, ఇంకో వైపు ఉడికిపోయేది.

"నా మీద నాకే కుళ్ళుగా ఉందిరా" అని నాతో అంది.

పోస్టుమాస్టరు గారు పరీక్ష పాసయ్యారు. పరీక్ష పెట్టిన ఆఫీసరు మెచ్చుకున్నాడట. ఆ సంతోషంలో, గురువుగారు ఏ ఊళ్ళో ఉన్నా సరే వెతికి పట్టుకుని, తన కారులో ఎక్కించుకుని తిప్పుతానని వదినతో అన్నారు. ఇక దాచడం బాగుండదని వదినకి అనిపించింది. కారు పక్కకి ఆపించి, ఆ రాసేది నేనేనండీ అని చెప్పింది.

ఆయన ఆమె వైపు జాలిగా చూశారు.

"అయితే చెప్పండి. నిన్నటి మనిషీ ఇవాళ్టి మనిషీ ఒకరేనా?"

"ఒకరే. కాకపోతే లైసెన్సు ఎవరికిస్తారు? నిన్న పాసైంది ఒకడు, ఇవాళ నడిపేది ఇంకొకడు అయిపోడూ?"

"దొరికిపోయారమ్మా. ఒకరు కాదని గురువుగారు రాశారు."

"అప్పుడు అలా అనుకున్నానండీ. తర్వాత మనసు మారింది."

"ఆయన మనసు అలా మారేది కాదు" అన్నారు పోస్టుమాస్టరు గారు.

ఫోను తీసి చూపిస్తే క్షణంలో తేలిపోయేది. వదిన సంచిలో చెయ్యి పెట్టింది కూడా. పెట్టి, మళ్ళీ తీసేసింది. ఎందుకని నేను అడిగితే, ఆయన మొహంలో ఆ గురువు మీద ఉన్న ప్రేమ చూస్తే, ఆ గురువుని అక్కడికక్కడే చంపడానికి చేతులు రాలేదంది. పోస్టుమాస్టరు గారు మాత్రం ఆమెని కోప్పడలేదు. అభిమానం ఎక్కువైతే అలాగే అనిపిస్తుందనీ, చదువుతూ ఉంటే ఎప్పటికైనా ఆమె కూడా రాయగలదనీ ఓదార్చి ఇంటి దగ్గర దింపారు.

తర్వాత ఆయనే ఒక బ్లాగు మొదలుపెట్టారు. బ్లాగుల వాళ్ళు వ్యాసాన్ని టపా అంటారని తెలిసి మహా ఆనందపడి, దానికి 'తిరుగు టపా' అని పేరు పెట్టారు. మొదటి టపాలోనే గురువుగారి మీద తిరగబడ్డారు. పట్టు వదలడం సోమరుల మాట అనీ, కుండీ ఖరీదు తెలిసినవాడు అలా రాయడనీ ఉతికి ఆరేశారు. లంకె వదినకి పంపి, అభిప్రాయం చెప్పమన్నారు.

వదిన ఆ టపాని కారులో కూర్చుని చదువుతుంటే, నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయి బయట నిలబడి అద్దం మీద తట్టాల్సి వచ్చింది. పాఠం అయ్యాక వదిన, 'మీ డ్రైవింగ్ టీచరు' అని సంతకం పెట్టి, నాలుగు వాక్యాల వ్యాఖ్య రాసింది. గురువుగారిని సమర్థించకుండా, పోస్టుమాస్టరు గారి వాదన బాగుందని మెచ్చుకుని, కానీ భయంతో పట్టుకోవడానికీ శ్రద్ధతో పట్టుకోవడానికీ తేడా ఎందుకు చెప్పలేదని అడిగింది.

గంట తిరక్కుండా జవాబొచ్చింది.

"మంచి ప్రశ్న. మీ శైలి మెరుగవుతోందమ్మా. మూడో వాక్యంలో ఒక ఒత్తు తప్పింది, చూసుకోండి."

వదిన చూసుకుంది. నిజంగానే తప్పింది.