డెబ్బై డిగ్రీల తగాదా

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. 1999 వేసవిలో, ఆత్మకూరులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసే రోజుల్లో, అందరూ భోజనానికి లేచాక నేను లినక్స్ మిషను పక్కన కూర్చుని దాని పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూసేదాన్ని, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. ఈ మాట నా డైరీలో కూడా రాసుకోలేదు.

మాది ఉదయగిరి. పొద్దున్నే బస్సెక్కి వచ్చి, మేడ మీద రేకుల కప్పు కింద ఉన్న ఆ సెంటర్‌లో ప్రోగ్రామింగ్ నేర్పేదాన్ని. లినక్స్ అంటే ఎవరైనా ఉచితంగా తీసుకుని, లోపల ఎలా రాశారో చదివి, కావాలంటే మార్చుకోగలిగే ఆపరేటింగ్ సిస్టమ్. పత్రికతో వచ్చిన సీడీ నుంచి దాన్ని ఎక్కించింది మా సీనియర్ సామ్యూలన్న. మిషన్లు విప్పి బాగుచేసేది మస్తానన్న. ఇద్దరూ ఒకే క్యారియర్లో అన్నం తినేవాళ్లు.

ఆ మిషనుకి కొత్తగా వేసిన మదర్‌బోర్డులో వేడినీ ఫ్యాను వేగాన్నీ కొలిచే చిప్ ఒకటి ఉంది. దాన్ని లినక్స్ ఎలా చదవాలన్న దగ్గర ఇద్దరికీ చెడింది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగాన్ని కెర్నల్ అంటారు. చిప్ ఇచ్చే అంకెను డిగ్రీల్లోకి మార్చడం, హద్దు దాటితే మిషన్ని ఆపడం, అన్నీ కెర్నలే చెయ్యాలని సామ్యూలన్న పట్టు. కెర్నల్ ఆ అంకెను ఉన్నదున్నట్టు బయటికి ఇస్తే చాలు, మిగతాది మామూలు ప్రోగ్రాము చూసుకుంటుందని మస్తానన్న వాదన. దేశదేశాల వాళ్లు ఇదే విషయం మీద ఈమెయిళ్లలో కొట్లాడుకునేవారు. సామ్యూలన్న నెల్లూరు వెళ్లినప్పుడు వాటిని ప్రింటు తీసుకొచ్చి చదివి వినిపించేవాడు.

"మిషను కాలిపోతా ఉంటే, బయటి ప్రోగ్రాము నిద్ర లేచిందాకా కూచుంటామా?" అనేవాడు.

"ఒరే, లెక్క తప్పితే కెర్నల్ మొత్తం మళ్లా కంపైల్ చేసి, కొత్తగా ఎక్కించాల. బయటుంటే ఒక్క లైను మారిస్తే పోద్ది."

"నా లెక్క తప్పదులేరా."

ఆ మాట తర్వాత ఇద్దరూ వేరువేరుగా తినడం మొదలుపెట్టారు.

సామ్యూలన్న తను అనుకున్నట్టే రాసి ఎక్కించాడు. అది ఆ ఈమెయిళ్ల వాళ్లకి పంపాలని ఆయన ఆశ. ఆయన సొంతంగా రాసిన మొదటి పని అది. ఇక అప్పటినుంచి మిషను మధ్యాహ్నమయ్యేసరికి 'డెబ్బై డిగ్రీలు దాటింది' అని చూపించి ఆగిపోయేది. పిల్లలు టైపు చేసిందంతా పోయేది. యజమాని పెంచలయ్య గారు పైకొచ్చి, "ఇంకో వారంలో బాగుపడకపోతే దాన్ని పీకేసి పాత సిస్టమే ఎక్కించండి సామీ. పిల్లకాయలు మానేస్తా ఉండారు," అని వెళ్లిపోయారు. సామ్యూలన్న ముఖం చూడలేకపోయాను.

ఆ డెబ్బైని ఎవరూ అనుమానించలేదు. మే నెలలో ఆత్మకూరు మధ్యాహ్నం ఎంత వేడని చెప్పినా నమ్ముతారు. కిటికీలకి తడి గోనెపట్టాలు కట్టాం. పెట్టె మూత తీసి టేబుల్ ఫ్యాను పెట్టాం. అయినా ఆగింది.

నా అరచెయ్యి మాత్రం ఒప్పుకోలేదు. పెట్టె వెచ్చగా ఉంది, అంతే. చెయ్యి థర్మామీటరు కాదు కాబట్టి ఒకరోజు మిషను ఆగగానే మళ్లీ వేసి బయోస్ తెరిచాను. బయోస్ అంటే బోర్డు తయారుచేసినవాళ్లే అందులో పెట్టి పంపే చిన్న ప్రోగ్రాము, తన బోర్డు సంగతి దానికి తెలుసు. అందులో నలభై ఆరు ఉంది. వెంటనే లినక్స్ ఎక్కిస్తే డెబ్బై ఒకటి.

వాళ్లిద్దరి మధ్యా మాట్లాడితే ఒకరి పక్షం తీసుకున్నట్టవుతుందని భయం. చివరికి సామ్యూలన్న బల్ల దగ్గర నిలబడి, నేల చూస్తూ చిన్న గొంతుతో రెండు అంకెలూ చెప్పాను.

ఆయన లేచి తనే చూసుకున్నాడు. ఒకే చిప్ అయినా ఒక్కో కంపెనీ తన బోర్డులో ఒక్కో రకంగా కలుపుతుంది. అంకెను డిగ్రీల్లోకి మార్చడానికి ఆయన రాసిన సూత్రం వేరే బోర్డుది. తల పట్టుకుని కూర్చున్నాడు. మస్తానన్న క్యారియర్ తెచ్చి పక్కన పెట్టాడు.

"చిప్ అబద్ధం చెప్పలా, నువ్వూ తప్పు రాయలా. ఈ బోర్డు లెక్క వేరేగా ఉండాది, అంతే. జరుగు, తిందాం."

"ఎగతాళి చేస్తావనుకున్నాన్రా."

"తిన్నాక చేస్తాలే."

ఆ సాయంత్రం ముగ్గురం కూర్చుని సూత్రాన్ని బయట ఒక ఫైల్లోకి, మిషన్ని ఆపే పనిని ఒక చిన్న ప్రోగ్రాములోకి మార్చాం. లినక్స్ మా సెంటర్‌లోనే నిలిచింది. సామ్యూలన్న ఆ ఈమెయిళ్ల వాళ్లకి ఈ పద్ధతినే రాసి పంపాడు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు కాదు కెర్నలే చెయ్యాలన్నారు. ఆ తగాదా మాతో తీరేది కాదు. నాకు మాత్రం ఒకటి తెలిసింది: మనం నమ్మడానికి సిద్ధంగా ఉన్న అంకెనే ముందు సరిచూసుకోవాలి.

కొన్నాళ్లకి సామ్యూలన్నకి మద్రాసులో ఉద్యోగం వచ్చింది. వెళ్లాక మళ్లీ కలవలేదు. ఆయన్ని సాగనంపడానికి బస్టాండుకి వెళ్లినప్పుడు, ఆ రోజు నేను చెప్పకపోయినా మస్తానన్న కనిపెట్టేవాడే అన్నాను. ఆయన బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగి అన్నాడు:

"కనిపెట్టేవాడేమో. చెప్పింది నువ్వు కదమ్మా. నా తర్వాత వచ్చేవాడికి కూడా చెప్పు, గొంతు తగ్గించబాక."