అటు పక్కన కూర్చున్న వదిన

మా అమ్మాయి స్రవంతి శ్రీమంతం రోజున నేను మా వియ్యాలవారిని నలుగురిలో అవమానించానట. నాకు మాత్రం ఆ రోజు అంతా చక్కగా జరిగిందనే జ్ఞాపకం. నా జబ్బు బయటపడింది అక్కడే కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

మేము ఒంగోలు వైపు వాళ్ళం. మా వారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతారు. కొత్తపేటలో ఫ్లాటు. స్రవంతి ఇష్టపడి చేసుకున్న అబ్బాయిది పోచంపల్లి చేనేత కుటుంబం. వాళ్ళకి చీరల కొట్టుంది, మీర్‌పేట్‌లో సొంతిల్లు. అల్లుడి తల్లి పేరు భారతమ్మ. వరస ప్రకారం ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. నేను 'మీరు' అంటాను. ఆవిడ మొదటి రోజు నుంచే 'నువ్వు' అనేసింది. అది నాకు కాస్త గుచ్చుకునేది.

ఇక నా సంగతి. ఖాళీ చేతులతో కూర్చోవడం నాకు చేతకాదు. చేతిలో ఊలు ఉండాలి, రెండు సూదులు ఆడుతూ ఉండాలి. "హైదరాబాదు ఎండల్లో ఈ స్వెటర్లెవరికే?" అని మా వారు ఎగతాళి చేస్తారు గానీ, చలికాలం పొద్దున్నే క్లాసుకి పోయేటప్పుడు నేనల్లిన మఫ్లరే చుట్టుకుంటారు. మా అపార్ట్‌మెంట్లో ఎవరికి బిడ్డ పుట్టినా నా టోపీ ఒకటి వెళుతుంది. వాళ్ళు అడిగినా వెళుతుంది, అడక్కపోయినా వెళుతుంది. అలాంటిదాన్ని, సొంత కూతురు కడుపుతో ఉంటే ఊరుకుంటానా? ఒంటికి గుచ్చుకోని మెత్తటి లేత పసుపు ఊలు తెచ్చి స్వెటర్ మొదలుపెట్టాను. మొదటి కాన్పు కాబట్టి పురుడు మా ఇంట్లోనే. బిడ్డకి నూనె రాసి, నలుగు పెట్టి, నా కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయాలి. అప్పట్లో నా బుర్రలో ఆ ఆశ తప్ప మరొకటి లేదు.

శ్రీమంతం రోజు పొద్దున తల బరువుగా అనిపించింది. ఎడమ భుజం రెండు మూడుసార్లు గుమ్మానికి కొట్టుకుంది. హడావుడిలో అంతే కదా అనుకున్నాను. భోజనాలు టెర్రస్ మీద, పొడుగ్గా ఒకటే వరుస. మెట్లెక్కి వస్తే ఆ వరుసకి సరిగ్గా నడుమకి చేరతాం. మొదటి బూరె వియ్యాలవారికి నా చేత్తోనే వడ్డించాలని పళ్ళెం పట్టుకుని అక్కడ నిలబడ్డాను. కుడివైపు ఉన్నవాళ్ళందరికీ కొసరి కొసరి వడ్డించాను. వరుస మొత్తం అయిపోయిందన్న తృప్తితో కిందికి దిగిపోయాను.

ఎడమవైపు కూర్చున్నది భారతమ్మ వదిన, ఆవిడ తోడికోడళ్ళు, ఆడపడుచులు. అందరి ముందూ ఖాళీ ఆకులు. "వదినా, మాకు పెట్టవా ఏంది?" అని ఆవిడ నవ్వుతూ పిలిచిందట కూడా. నేను తలైనా తిప్పలేదట.

సాయంత్రం అందరూ వెళ్ళాక స్రవంతి నా మీద విరుచుకుపడింది.

"అమ్మా, ఎందుకలా చేశావు? అత్తమ్మ మొహం చూడలేకపోయాను తెలుసా?"

"నేనేం చేశానే?"

"ఎదురుగా కూర్చున్న మనిషికి వడ్డించకుండా వెళ్ళిపోయి, పైగా ఏం చేశానంటావా?"

"ఒట్టు స్రవంతీ, ఆవిడ అక్కడ లేనే లేదు!"

అంతే. అది నోరెళ్ళబెట్టి నా వంక చూసింది. అబద్ధం ఆడితే ఆడాను గానీ, మరీ ఇంత పచ్చిగానా అన్నట్టుంది ఆ చూపు. పుట్టింట్లో ఉండిపోవాల్సిన పిల్ల, సూట్‌కేసు సర్దుకుని అదే సాయంత్రం మీర్‌పేట్‌కి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. అన్నిటికంటే ఎక్కువగా ఏమీ అర్థం కాలేదు. చేయని తప్పుకి క్షమాపణ ఎలా చెప్పాలి? కావాలని అందరూ కలిసి నా మీద నాటకం ఆడుతున్నారేమోనని కూడా అనిపించింది.

బాధ మరచిపోదామని స్వెటర్ పట్టుకున్నాను. అదీ నా మాట వినడం మానేసింది. తిన్నగా పెరగాల్సిన అల్లిక నడుమ పొంగి, బోర్లించిన గిన్నెలా తయారైంది. రెండు అంచుల దగ్గరా కుట్లు అల్లకుండా అలాగే మిగిలిపోయి ఉన్నాయి. ఇన్నేళ్ళ నుంచి అల్లుతున్నాను, ఒక్క వరుసైనా మధ్యలో వదిలిన పాపాన పోలేదు. విప్పి మళ్ళీ అల్లాను. మళ్ళీ అదే గిన్నె. కొట్టువాడు నాసిరకం ఊలు అంటగట్టాడని తిట్టుకున్నాను. ఊలు మంచిదా కాదా అన్నదానికీ, అల్లని కుట్లకీ సంబంధమేమిటని అప్పుడు తోచలేదు. నా మొహం, అప్పుడు ఏం తోచింది గనక!

కళ్ళేమోనని మా వారు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన అక్షరాలు చదివించి, లైటు వేసి చూసి, "కళ్ళు భేషుగ్గా ఉన్నాయండీ, ఈ అద్దాలే చాలు" అన్నారు. కంచంలో సగం అన్నం వదిలేస్తున్నానని మా వారు గమనించారు గానీ, కూతురి మీద బెంగతో తినడం లేదనుకున్నారట. నాకేమో అన్నం మొత్తం తిన్నట్టే ఉండేది. తిన్నాక ఆకలి ఎందుకేస్తోందో తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం భారతమ్మ వదిన వచ్చింది. తాడో పేడో తేల్చుకుందామనే వచ్చిందట. మా వారు తలుపు తీసి, ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఎందుకని క్లాసుకి జారుకున్నారు. నేను సోఫాలో అల్లుకుంటున్నాను. ఆవిడ నా ఎడమ పక్క కుర్చీలో కూర్చుని, మనసులో ఉన్నదంతా కక్కేసిందట. ఎక్కడో టీవీ మోగుతున్నట్టు నాకు వినిపిస్తూనే ఉంది. ఎవరింట్లోదో అనుకున్నాను. చివరికి ఆవిడ ఒళ్ళు మండి లేచి, గుమ్మం వైపు వెళుతూ నా కుడి పక్కకి వచ్చింది.

నేను ఉలిక్కిపడ్డాను. "అయ్యో వదినగారూ, ఎప్పుడొచ్చారు? కూర్చోండి, కాఫీ పెడతాను."

ఆవిడ నెమ్మదిగా వెనక్కి నడిచి మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది. నేను చుట్టూ చూసి, "వదినగారూ, ఎక్కడికెళ్ళారు?" అని వంటింటి వైపు కేకేశాను.

ఆవిడ మళ్ళీ కుడివైపుకి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు నా ఇజ్జత్ తీసినవనుకున్న వదినా. గిది గది కాదు. నీకేమో అయింది. లే, దవాఖానకు పోదాం."

"నాకేమైంది? శుభ్రంగా ఉన్నాను."

"మంచిగున్నవు లే. జర చెప్పులేసుకో."

ఎడమ కాలికి చెప్పు ఆవిడే తొడిగింది. నేను ఒక కాలికే వేసుకుని బయల్దేరానట.

ఎల్బీనగర్‌లోని ఆసుపత్రిలో ఎంఆర్‌ఐ తీశారు. న్యూరాలజిస్ట్ చిన్న వయసావిడ. కాగితం ఇచ్చి గడియారం బొమ్మ వేయమంది. చక్కగా గుండ్రం గీసి అంకెలు వేశాను. "ఎలా ఉందమ్మా?" అంది. "బాగానే ఉంది కదా" అన్నాను. వదిన చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంకెలన్నీ కుడి సగంలోనే కుక్కేశానని, డాక్టరమ్మ కాగితాన్ని నా కుడి పక్కకి జరిపి చూపించాక గానీ తెలియలేదు.

"మెదడు కుడి పక్క, రైట్ పరైటల్ లోబ్‌లో రక్తం అందక ఇన్‌ఫార్క్ట్ వచ్చిందమ్మా. చిన్న స్ట్రోక్. మీకున్న దాన్ని లెఫ్ట్ నెగ్లెక్ట్ అంటాం. కన్ను చూస్తోంది, బ్రెయిన్ పట్టించుకోవడం లేదు."

"పక్షవాతమా? కాలూ చెయ్యీ ఆడుతున్నాయిగా!"

"ఆడతాయి. కాకపోతే ఎడమవైపంటూ ఒకటుందని మీకు గుర్తుండదు. మొదటి కొద్ది గంటల్లోనే వచ్చుంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి వీలుండేదేమో. ఇప్పుడు మందులు, థెరపీ."

నాకు బీపీ ఉందని కూడా ఆ రోజే తెలిసింది. రక్తం గడ్డకట్టకుండా బ్లడ్ థిన్నర్, కొలెస్ట్రాల్‌కి స్టాటిన్, బీపీ టాబ్లెట్ రాశారు. నేను సంచిలో నుంచి స్వెటర్ తీసి చూపించాను. ఎడమ అంచు ఒక్కటే కదా పాడవ్వాలి, రెండూ ఎందుకు పాడయ్యాయని ఆ డాక్టరమ్మకి సందేహం వచ్చింది. వరుస అయిపోగానే మేము అల్లికను తిప్పి పట్టుకుంటాం. కుడి అంచు ఎడమకి వస్తుంది. అలా రెండు అంచులూ వంతులవారీగా నాకు మాయమయ్యాయన్నమాట. ఆవిడకి ఈ మాట నేనే చెప్పాను. జబ్బు మొత్తంలో నాకు బోధపడింది ఆ ఒక్క ముక్కే.

మిగతాది ఇప్పటికీ బోధపడలేదు. "ఎడమవైపు చీకటిగా ఉంటుందా?" అని అందరూ అడుగుతారు. చీకటి కనిపిస్తే బాధేముంది, అక్కడేదో ఉందని తెలిసేది. మీ వీపు వెనక మీకేం కనిపిస్తోంది? నాకూ అంతే.

ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. పురుడు మీర్‌పేట్‌లో చేద్దామని భారతమ్మ వదిన అంది. నేను మండిపడ్డాను. ఆసుపత్రికి తీసుకెళ్ళినంత మాత్రాన నా కూతురి పురుడు లాక్కుంటారా? నాకేం రోగం? బాగానే ఉన్నానుగా? ఆశ్చర్యమేమిటంటే, డాక్టరు అంతలా చెప్పినా లోపల్లోపల నాకేమీ కాలేదనే ఉండేది.

రోజువారీ పనులు మళ్ళీ అలవాటు చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఇంటికొచ్చి అభ్యాసాలు నేర్పింది. వాటిలో ఒకటి, మడిచిన దుప్పటిని ఎడమ చేత్తో ఎత్తుకుని హాల్లో అటూ ఇటూ నడవడం. జబ్బు సంగతి తెలిసి అలక మానిన స్రవంతి చూడ్డానికి వచ్చిన రోజు, చూడు నేనెంత బాగా చేస్తున్నానో అని దుప్పటి ఎత్తుకుని తిరిగాను. ఇంతలో మా చెల్లెలు ఫోన్ చేసింది. కుడి చేత్తో ఫోన్ పట్టుకుని నడుస్తూ కబుర్లు చెప్పాను. పెట్టేశాక స్రవంతి మెల్లగా అడిగింది.

"అమ్మా, దుప్పటేదీ?"

"ఏ దుప్పటి?"

అది వేలు పెట్టి చూపించింది. వంటింటి గుమ్మం దగ్గర నేల మీద పడి ఉంది. జారిపోయిందని తెలియలేదు సరే, అసలు ఎత్తుకున్న సంగతే నాకు గుర్తు లేదు. పైగా దాన్ని తొక్కుకుంటూ రెండుసార్లు నడిచానట. స్రవంతి రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని నిలబడింది.

అప్పుడు భయమేసింది నాకు. స్కాను చూసినప్పుడు లేని భయం, డాక్టరు చెప్పినప్పుడు లేని భయం, కాళ్ళ కింద నుంచి పాకింది. సోఫాలో కూలబడి ఏడ్చేశాను. వదినకి నేనే ఫోన్ చేశాను.

"వదినగారూ, పురుడు మీ ఇంట్లోనే చెయ్యండి. పిల్లని నా చేతికి ఇవ్వకండి."

"నువ్వు లేకుంట పురుడెట్ల చేస్తం వదినా? బట్టలు సదురుకో, నువ్వు గూడ రా."

"వియ్యాలవారింట్లో మకామా? అదెక్కడి చోద్యం! నలుగురూ ఏమనుకుంటారు?"

"ఏమన్న అనుకోనీ. నీ ఎడమ దిక్కు నేను కూసుంట."

అలా కూతురి పురుడు చేయడానికి వియ్యపురాలింటికి సంచులు మోసుకెళ్ళిన మొదటి తల్లిని బహుశా నేనేనేమో. ఆడపిల్ల పుట్టింది. నీళ్ళు పోసేది వదిన కాళ్ళ మీదే. చెంబుతో నీళ్ళు అందించేది నేను. అది చూస్తుంటే కడుపు మండేది. ఆ ఆశ ఒకటి నాకు తీరలేదు, తీరిందని అబద్ధం చెప్పను.

మందులు మానలేదు. థెరపీ మానలేదు. అల్లికకి రెండు అంచుల్లోనూ ఎర్ర దారం కట్టమని థెరపిస్ట్ చెప్పింది. ఎర్ర దారం కనిపించేదాకా తల తిప్పుతాను, అప్పుడే వరుస మారుస్తాను. పసుపు స్వెటర్ పూర్తయ్యేసరికి పిల్లకి బిగుతైపోయింది. ఇంకో సైజు మొదలుపెట్టాను. ఇప్పటికీ గుమ్మాలకి కొట్టుకుంటూనే ఉంటాను. రోడ్డు ఒంటరిగా దాటను. పిల్లని కుడి చేత్తోనే ఎత్తుకుంటాను, అదీ కూర్చునే.

మొన్నొక రోజు థెరపిస్ట్ సరేనంది. గోడకి ఆనుకుని పరుపు మీద కూర్చున్నాను. స్రవంతి పిల్లని నా ఎడమ చేతిలో పెట్టింది. అటు పక్క వదిన కూర్చుని నా మోచేతి కింద తన చెయ్యి ఉంచింది. కాసేపటికి బరువు తెలియడం మానేసింది. పిల్ల ఉందో లేదో అర్థం కాలేదు.

"వదినా, ఉందా?" అన్నాను. 'గారూ' మరచిపోయాను.

"ఉంది వదినా. నీ దిక్కే చూస్తంది, ఇటు తిరుగు."

చుబుకం భుజానికి ఆనేదాకా తల తిప్పాను. ఉంది. నన్నే చూస్తోంది.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో మనిషి ఉన్నట్టుండి మిమ్మల్ని లెక్కచేయనట్టు ప్రవర్తిస్తే, అలిగి వెళ్ళిపోకండి. రెండో పక్కకి వెళ్ళి ఒక్కసారి పిలవండి. అటు నుంచి పిలిస్తే పలికారంటే, వాళ్ళు నాకేం కాలేదని ఎంత మొత్తుకున్నా వినకుండా, ఆ నిమిషానే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.