బెనిల్దె కట్టిన చరణం

స్పెయిన్‌లోని సయాగో పల్లెల్లో రై పంట కోసేటప్పుడు పాట ఎత్తుకునేది బెనిల్దె. ఆమె మొగుడు మొరాకో యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. సిపాయి మొగుడు ఇల్లు చేరే పాత పాట ఒకటుంది. ఆ ఏడు నుంచి ఆమె నోట ఆ సిపాయి ఇల్లు చేరడం మానేశాడు. కొన్నాళ్లు గొణిగి, తక్కిన కూలీలూ ఆమె వెంటే పాడారు.

బడిపంతులు ఆర్సేనియోకు పాటలు సేకరించే పిచ్చి. ఒకరోజు ఆమె వెల్లుల్లి చారు కాస్తుంటే గడపలో కూర్చుని రాసుకున్నాడు.

"ఈ ముగింపు ఎవరు కట్టారమ్మా?"

"నేనే. అబద్ధం పాడలేక."

పంతులు మొహం వెలిగింది. "ఇలాంటి పాటలకు కవి ఉండడు, జాతంతా ఒక్క గొంతుతో కడుతుందని జర్మనీ పండితులు ఏనాడో రాశారు. మాడ్రిడ్‌లో మా గురువుగారు ఒప్పుకోరు. మొదట ఎవరో ఒకరు కడతారు, తర్వాత పాడినవాళ్లంతా తలో చెయ్యీ వేస్తారంటారు. నువ్వు చేసిందదే."

"అయితే నా పేరు రాస్తారా?"

"ఊరి పేరు రాస్తాం."

"చచ్చింది ఊరి మొగుడా, నా మొగుడా?"

పంతులు ఆమె పేరు రాశాడు.

1936 వేసవిలో అంతర్యుద్ధం మొదలైంది. తిరుగుబాటు సైన్యం పక్షాన ఉన్న నీలిచొక్కాల వాళ్లు పంతుల్ని లారీ ఎక్కించి, కొండ మలుపులో కాల్చేశారు. మరుసటేడు కోతల్లో బెనిల్దె పాటకు ఆ లారీని, తాళం పడిన బడిని కలిపింది. ఎవరూ వంత పాడలేదు.

పోలీసు సార్జెంటు వచ్చి అందర్నీ కల్లంలో నిలబెట్టాడు. "ఎవరు కట్టారిది?"

"పాత పాటండీ. అందరం పాడేదే" అంది బెనిల్దె.

"పాతకాలంలో లారీలుండేవా?" అని పక్కింటి ప్రాక్సెదెస్ వైపు తిరిగాడు. "నీ కొడుకు జైల్లో ఉన్నాడు కదూ?"

"ఇదే కట్టింది సారూ. మా నోట ఎప్పుడూ రాలేదు."

బెనిల్దెకు గుండు గీసి, ఆముదం తాగించి, చర్చి ముందు నడిపించారు. ప్రాక్సెదెస్ కిటికీ మూసుకుంది.

అయినా ఆ చలికాలంలోనే కొడుకుని కాల్చేశారు. ప్రాక్సెదెస్ రొట్టె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మావాడి మీద ఒక్క చరణం కట్టవే అక్కా. నీకు తప్ప ఎవరికొచ్చు?"

బెనిల్దె పక్కకు జరిగి దారిచ్చింది.

"నాకిక రావు. లోపలికొచ్చి కూర్చో. వాడెలా ఉండేవాడో చెప్పు."

ప్రాక్సెదెస్ కొడుకు నడక గురించి, వాడి నత్తి గురించి చెప్పుకొచ్చింది. బెనిల్దె తలగుడ్డ బిగించుకుని విన్నది. ఆమె మళ్లీ పాడగా విన్నవాళ్లు లేరు.